గ్రూప్ బై, డిస్టింక్ట్ సరిగ్గా రాయడం ఎలా: ధాన్యం కొనుగోళ్ల పద్దు మీద అంచెలంచెలుగా

"మండలం వారీగా మొత్తం తీస్తే ఒకే మండలం మూడుసార్లు వస్తోందేం?" "డిస్టింక్ట్ రాసినా డూప్లికేట్లు పోవడం లేదు." "చెల్లింపుల టేబుల్ కలపగానే మొత్తం రెండింతలైంది." నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల మిల్లులకీ ధాన్యం వ్యాపారులకీ లెక్కల ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఈ మూడే. మూడింటికీ మూలం ఒకటే. జవాబులో ఒక్కో వరుస దేనికి గుర్తో తేల్చుకోకముందే క్వెరీ రాయడం మొదలుపెడుతున్నారు.

ఉదాహరణలన్నీ ఎస్‌క్యూఎల్‌లో ఉన్నాయి. అది డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష, అందులో ఒక్కో ప్రశ్న ఒక క్వెరీ. గ్రూప్ బై ఒకేలాంటి వరుసల్ని గుంపులు కడుతుంది, డిస్టింక్ట్ మళ్లీ మళ్లీ వచ్చే వరుసల్లో ఒకటే ఉంచుతుంది. సీ షార్ప్, పైథాన్, జావాల సంగతి చివర్లో చెప్పాను. కీవర్డులు పలికే తీరులోనే తెలుగులో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకోండి.

## 1. ముందు కాగితం మీద ఒక్క వాక్యం

క్వెరీ జోలికి వెళ్లకముందు ఈ వాక్యం పూరించండి: "నా జవాబులో ఒక్కో వరుస అంటే ఒక్కో ______."

ఒక్కో మండలమా? ఒక్కో మండలంలో ఒక్కో రకమా? ఒక్కో రైతా? ఆ ఖాళీలో పడే మాటలే గ్రూప్ బై తర్వాత రావాలి. అవి తప్ప మరొకటి రాకూడదు. వాక్యం పూరించలేకపోతున్నారంటే రిపోర్టు అడిగిన మనిషికే స్పష్టత లేదని అర్థం. వెళ్లి అడగండి.

తర్వాత ఇంకో ప్రశ్న వేసుకోండి: గుంపు గురించి లెక్క కావాలా, ఏయే విలువలు ఉన్నాయో జాబితా చాలా? లెక్క కావాలంటే గ్రూప్ బై రాయాలి. జాబితా చాలంటే డిస్టింక్ట్ సరిపోతుంది. ప్రతి గుంపులోంచీ ఒక పూర్తి వరుస కావాలంటే అది మూడో రకం పని, రెండింటితోనూ నేరుగా కుదరదు. దాని సంగతి 7లో ఉంది.

## 2. చేతిలో ఉండాల్సిన చిన్న పట్టిక

వేల వరుసల మీద క్వెరీ నేర్చుకోవడం కుదరదు. జవాబు వేళ్ల మీద లెక్కపెట్టగలిగే ఆరు వరుసలు చాలు. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే, మార్కెట్ ధరలు కావు.

| లోడు | తేదీ | రైతు | మండలం | రకం | బరువు | కొలత | పుట్టి రేటు |
|---|---|---|---|---|---|---|---|
| 101 | 4-3-2025 | ర07 | బుచ్చిరెడ్డిపాళెం | ఎన్ఎల్ఆర్ 34449 | 4 | పుట్టి | 20,000 |
| 102 | 11-3-2025 | ర07 | బుచ్చి | ఎన్ఎల్ఆర్ 34449 | 2 | పుట్టి | 20,600 |
| 103 | 11-3-2025 | ర11 | కోవూరు | బీపీటీ 5204 | 10 | పుట్టి | 22,000 |
| 104 | 2-4-2025 | ర15 | కోవూరు | ఎన్ఎల్ఆర్ 34449 | 850 | కిలో | 19,000 |
| 105 | 2-4-2025 | ర21 | (ఖాళీ) | నెల్లూరు మసూరి | 25.5 | క్వింటా | 20,000 |
| 106 | 5-4-2025 | ర15 | టీపీ గూడూరు | ఎన్ఎల్ఆర్ 34449 | 4 | పుట్టి | 20,000 |

కాటా చీటీల నుంచి ఎక్కించిన పద్దులో కనిపించే రోగాలన్నీ ఈ ఆరింటిలో ఉన్నాయి. బుచ్చి రెండు పేర్లతో ఉంది. ఒక మండలం గడి ఖాళీ. కొలతలు మూడు రకాలు. 105లోని నెల్లూరు మసూరి, మిగతా చోట్ల ఉన్న ఎన్ఎల్ఆర్ 34449 ఒకే వంగడం. ర15 రెండు మండలాల నుంచి ధాన్యం తెచ్చాడు.

## 3. పేర్లు శుభ్రం చేయడం

సమయంలో సగం ఇక్కడే పెట్టండి. కంప్యూటర్‌కి బుచ్చి, బుచ్చిరెడ్డిపాళెం, బుచ్చిరెడ్డిపాలెం మూడు వేర్వేరు ఊళ్లు. గ్రూప్ బై ఎంత చక్కగా రాసినా మూడు వరుసలు ఇస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు.

మొదట ఏయే రూపాలు ఉన్నాయో బయటికి తీయండి. ఉత్త డిస్టింక్ట్ కంటే ఇది మేలు:

```
సెలెక్ట్ మండలం, క్యారెక్టర్_లెంగ్త్(మండలం), కౌంట్(*)
ఫ్రమ్ కొనుగోళ్లు
గ్రూప్ బై మండలం
ఆర్డర్ బై మండలం;
```

మధ్య కాలమ్‌లో పొడవు ఊరికే పెట్టలేదు. "నెల్లూరు రూరల్" రెండు వరుసల్లో అచ్చం ఒకేలా కనిపిస్తూ, ఒకచోట పొడవు 14, ఇంకోచోట 15 అని వస్తే కంటికి కనిపించని అక్షరం దూరిందన్నమాట. తెలుగులో ఇది మామూలే. పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరుతుంది, దాని యూనికోడ్ సంఖ్య 8204. మాట చివర ఉంటే అది అసలు కనపడదు. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పేర్లలో, కొన్ని కీబోర్డులతో కొట్టిన పేర్లలో ఇది తరచూ తగులుతుంది.

ఐత్వం గుణింతంతో ఇంకో చిక్కుంది. "సైదాపురం"లోని సై గుర్తును ఒకే సంకేతంగా (3144) రాయవచ్చు, లేదా ఎత్వం (3142), దాని కింద వచ్చే గుర్తు (3158) అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద తేడా ఉండదు, కానీ డేటాబేస్ ప్రోగ్రాము పోస్ట్‌గ్రెస్ రెండింటినీ వేర్వేరు మాటలుగానే లెక్కిస్తుంది.

మందు ఈ వరుసలో వేయాలి:

- విడవని ఖాళీని (నాన్ బ్రేకింగ్ స్పేస్, సంఖ్య 160) మామూలు ఖాళీగా మార్చండి. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు కాబట్టి ఈ పని ట్రిమ్‌కి ముందే చేయాలి.
- ముందూ వెనుకా ఖాళీలు తీసేయండి: ట్రిమ్.
- 8204ని తీసేయండి: రిప్లేస్(మండలం, సీహెచ్ఆర్(8204), '').
- ఒకే అక్షరానికి ఒకే సంకేతం ఉండేలా యూనికోడ్ రూపాన్ని ఎన్‌ఎఫ్‌సీకి తెండి. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ ఉంది, సీ షార్ప్‌లో స్ట్రింగ్‌కే నార్మలైజ్ ఉంది.
- రెండు మూడు ఖాళీలు వరసగా ఉంటే ఒకటి చేయండి.

ఎన్‌ఎఫ్‌సీ చేస్తే 8204 కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. దాన్ని విడిగా తీయాల్సిందే.

శుభ్రం చేసిన రూపాన్ని మండల_రూపం అనే కొత్త కాలమ్‌లో పెట్టండి. అసలు కాలమ్ మీద రాసేయకండి. రేపు ఎవరైనా "కాటా చీటీలో ఏముంది?" అంటే చూపించడానికి మూలం ఉండాలి. పైగా 8204 తీసేస్తే "ఏఎస్‌పేట" లాంటి పేరులో అక్షరాలు ఒత్తులుగా అతుక్కుంటాయి. పోల్చుకోవడానికి అది పనికొస్తుంది కానీ చూపడానికి పనికిరాదు.

ఇంత చేసినా బుచ్చి, బుచ్చిరెడ్డిపాళెం కలవవు. అక్కడ అక్షరాల తేడా లేదు, వాడుక తేడా ఉంది. దానికి మారుపేర్ల టేబుల్ ఒకటే దారి:

| రాసిన రూపం | మండల కోడు |
|---|---|
| బుచ్చి | మ01 |
| బుచ్చిరెడ్డిపాలెం | మ01 |
| బుచ్చిరెడ్డిపాళెం | మ01 |
| కోవూరు | మ02 |
| తోటపల్లిగూడూరు | మ03 |
| టీపీ గూడూరు | మ03 |

ప్రకాశం వైపు ఈ టేబుల్ ఇంకా పొడుగవుతుంది: ఎస్ఎన్ పాడు అంటే సంతనూతలపాడు, ఎన్జీ పాడు అంటే నాగులుప్పలపాడు, సీఎస్ పురం అంటే చంద్రశేఖరపురం, పీసీ పల్లి అంటే పెదచెర్లోపల్లి. ఒక్కసారి కూర్చుని రాస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

లైక్ '%గూడూరు' లాంటి అడ్డదారి తొక్కకండి. టీపీ గూడూరు వేరు, గూడూరు వేరు. ఊరి పేరుతో గుంపు కట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొత్తపాళెం, రామాపురం లాంటి పేర్లు ఒక్క మండలానికే పరిమితం కావు. ఊరి పేరొక్కటే తాళం (గుంపు కట్టే కీ) చేస్తే రెండు ఊళ్ల ధాన్యం ఒకే రాశిలో పడుతుంది. మండల కోడు, ఊరి కోడు రెండూ కలిపి గుంపు కట్టండి. వంగడాలకూ ఇదే పద్ధతి: నెల్లూరు మసూరి ఎన్ఎల్ఆర్ 34449 కోడుకు వెళ్లాలి, సాంబ మసూరి బీపీటీ 5204 కోడుకు వెళ్లాలి.

టేబుల్ కట్టాక, దొరకని రూపాలు మిగిలాయేమో చూడండి (లెఫ్ట్ జాయిన్ అంటే జత దొరకని వరుసల్నీ ఉంచి రెండు టేబుళ్లను కలపడం):

```
సెలెక్ట్ డిస్టింక్ట్ క.మండల_రూపం
ఫ్రమ్ కొనుగోళ్లు క
లెఫ్ట్ జాయిన్ మారుపేర్లు మ ఆన్ మ.రూపం = క.మండల_రూపం
వేర్ మ.రూపం ఈజ్ నల్;
```

డిస్టింక్ట్‌కి ఇంతకంటే మంచి వాడుక లేదు. ఈ జాబితాలో ఖాళీ గడి కాక ఇంకేమైనా మిగిలి ఉన్నంత వరకు ముందుకు వెళ్లకండి.

ఖాళీలోనూ రకాలున్నాయి. నల్ (విలువే పెట్టని గడి) ఒకటి, ఏమీ లేని స్ట్రింగ్ (అక్షరాలు లేని మాట) ఒకటి, ఒక్క స్పేస్ కొట్టి వదిలేసింది ఇంకొకటి. గ్రూప్ బై వీటిని వేర్వేరు గుంపులు చేయగలదు. మూడింటినీ నల్‌కి తెచ్చేయండి: నల్‌ఇఫ్(ట్రిమ్(మండలం), '').

## 4. కొలతలు ఒకటి చేయడం

నెల్లూరులో ధాన్యానికి పుట్టి అంటే 850 కిలోలు. పై పట్టికలో బరువు కాలమ్‌ను ఉన్నదున్నట్టు కూడితే 895.5 వస్తుంది. ఆ సంఖ్యకు ఏ అర్థమూ లేదు, కానీ డేటాబేస్ ఏ ఎర్రరూ చూపదు.

కూడటానికి ముందే కిలోలు అనే కాలమ్ కట్టండి. పుట్టి అయితే 850తో, క్వింటా అయితే 100తో గుణించండి. కిలో అయితే అలాగే ఉంచండి. కొలత ఈ మూడింటిలో లేకపోతే నల్ పెట్టండి, ఊహించి నింపకండి. మా పట్టికకు మొత్తం 20,400 కిలోలు రావాలి, అంటే 24 పుట్లు. విలువ కాలమ్ కూడా ఇప్పుడే కట్టుకోండి. ఆరు లోడ్ల విలువ 5,00,200 రూపాయలు. ఈ రెండు మొత్తాలూ గోడ మీద రాసిపెట్టుకోండి, కింద ప్రతి అడుగులో వీటితోనే సరిచూసుకుంటాం.

## 5. డిస్టింక్ట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

డిస్టింక్ట్ ఒక కాలమ్ మీద పనిచేసే ఫంక్షన్ కాదు. సెలెక్ట్‌లో రాసిన కాలమ్‌లన్నీ కలిపి ఒక వరుసగా చూసి, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న వరుసల్లో ఒకటి ఉంచుతుంది.

```
సెలెక్ట్ డిస్టింక్ట్ (రైతు_కోడు), తేదీ ఫ్రమ్ కొనుగోళ్లు;
```

ఇక్కడ బ్రాకెట్లు ఉత్త అలంకారం. ర07 రెండు తేదీలతో రెండుసార్లు వస్తాడు. "డిస్టింక్ట్ రాసినా డూప్లికేట్లు పోలేదు" అనేవాళ్ల క్వెరీ చూస్తే నూటికి తొంభై పాళ్లు తేదీయో, లోడు నంబరో, ఐడీ కాలమో సెలెక్ట్‌లో కూర్చుని ఉంటుంది. దాన్ని తీసేస్తే సరి. తీయడానికి వీల్లేదంటే మీకు కావాల్సింది డిస్టింక్ట్ కాదు.

ఇంకోటి తరచూ అడిగేది: డిస్టింక్ట్ మండలం తీసి, తేదీ వరుసలో పేర్చమంటే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. సబబే. కోవూరుకు రెండు తేదీలున్నాయి, దేని ప్రకారం పేర్చాలి? మొదటి తేదీ ప్రకారమైతే గ్రూప్ బై మండల కోడు అని రాసి, మిన్(తేదీ) మీద పేర్చండి.

## 6. గ్రూప్ బై రాసే వరుస

మనం సెలెక్ట్‌తో రాయడం మొదలుపెడతాం కానీ డేటాబేస్ ఆలోచించే వరుస వేరు: ఫ్రమ్, జాయిన్లు, వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, సెలెక్ట్, డిస్టింక్ట్, ఆర్డర్ బై, చివర లిమిట్. క్వెరీని కూడా ఈ వరుసలోనే రాసుకుంటూ పొండి, సెలెక్ట్ చివర నింపండి.

వేర్ ఎక్కడ, హ్యావింగ్ ఎక్కడ. "5 పుట్లు దాటిన మండలాలు" అడిగారనుకోండి. 5 పుట్లంటే 4,250 కిలోలు. వేర్ కిలోలు > 4250 అని రాస్తే ఒక్కో లోడును వడపోస్తుంది. 103 ఒక్కటే మిగిలి, కోవూరు 10 పుట్లు అని వస్తుంది. బుచ్చి మాయమవుతుంది, కోవూరులో 104 కూడా కనపడదు. హ్యావింగ్ సమ్(కిలోలు) > 4250 అని రాస్తే గుంపు కట్టాక చూస్తుంది: కోవూరు 11, బుచ్చి 6. అడిగింది ఇదే. ఒక్కో చీటీ గురించిన షరతు వేర్‌లో పెట్టాలి, గుంపు మొత్తం గురించిన షరతు హ్యావింగ్‌లో పెట్టాలి.

సెలెక్ట్‌లో ఏం రాయవచ్చు. గ్రూప్ బైలో ఉన్న కాలమ్‌లు, లేదా సమ్, కౌంట్, మిన్, మ్యాక్స్ లాంటి వాటిలో చుట్టినవి. మిగతావి రాస్తే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి డిఫాల్ట్‌గా అదే చేస్తుంది. ఆ ఎర్రర్ రాగానే ఓన్లీ ఫుల్ గ్రూప్ బై అనే సెట్టింగ్‌ను ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి. ఆపేస్తే గుంపులోంచి ఏదో ఒక వరుస విలువ తెచ్చి పెడుతుంది. కోవూరు పక్కన రకం బీపీటీ అని పడితే ఆ మండలంలో అదొక్కటే పండిందనుకుంటారు.

కౌంట్ మూడు రకాలు. పై ఆరు వరుసల మీద, పేర్లు సరిచేశాక:

- కౌంట్(*) అంటే 6. లోడ్ల సంఖ్య.
- కౌంట్(మండల_కోడు) అంటే 5. ఖాళీ ఉన్న 105ని వదిలేస్తుంది.
- కౌంట్(డిస్టింక్ట్ మండల_కోడు) అంటే 3. ఇదీ ఖాళీని లెక్కించదు.

కానీ గ్రూప్ బై మండల_కోడు రాస్తే 4 వరుసలొస్తాయి, ఎందుకంటే నల్‌లన్నీ కలిసి ఒక గుంపవుతాయి. ఈ మూడుకూ నాలుక్కూ మధ్య తేడా తెలియక గంటలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

వేర్వేరు రైతుల సంఖ్యను కూడకండి. మండలం వారీగా కౌంట్(డిస్టింక్ట్ రైతు_కోడు) తీస్తే బుచ్చి 1, కోవూరు 2, టీపీ గూడూరు 1, ఖాళీ 1. కూడితే 5. ఉన్న రైతులు నలుగురే. ర15 రెండు చోట్ల లెక్కకొచ్చాడు. కింద మొత్తం వరుస కావాలంటే దాన్ని మూల పట్టిక నుంచి విడిగా తీయాలి. సమ్ అయితే కూడవచ్చు, విడి విలువల సంఖ్యను కూడకూడదు.

సగటు రేటు. ఏవీజీ(రేటు) రాస్తే కోవూరుకు 22,000, 19,000 కలిపి సగం, అంటే 20,500 వస్తుంది. పది పుట్లకూ ఒక్క పుట్టికీ సమాన బరువు ఇచ్చిన లెక్క అది. సమ్(విలువ)ని సమ్(కిలోలు)తో భాగించి 850తో గుణించండి: 2,39,000 రూపాయలు, 11 పుట్లు, పుట్టి సగటు 21,727. తేడా పుట్టికి పన్నెండు వందలు పైనే. మండలాల సగటులకు మళ్లీ సగటు తీసి జిల్లా రేటు చెప్పడం కూడా ఇదే తప్పు.

కాలం మీద గుంపు. నెల సంఖ్య ఒక్కటే తీసుకుంటే 2024 మార్చి, 2025 మార్చి కలిసిపోతాయి. సంవత్సరం, నెల రెండూ ఇవ్వండి. ఆర్థిక సంవత్సరం మీద గుంపు కడితే మన దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. రబీ కోతలు మార్చి 31కి అటూ ఇటూ సాగుతాయి కాబట్టి ఒకే పంట రెండు ముక్కలవుతుంది. పట్టికలోనే చూడండి, 101 నుంచి 103 దాకా ఒక ఏడాదిలో, మిగతావి ఇంకో ఏడాదిలో పడతాయి. రబీ, ఎడగారు (రబీ తర్వాతి పంట) అని సీజన్‌కు వేరే కాలమ్ పెట్టి, చీటీ ఎక్కించేటప్పుడే నింపించండి. తేదీని బట్టి తర్వాత ఊహించడం నమ్మదగ్గ పని కాదు.

## 7. ప్రతి రైతుదీ చివరి లోడు, పూర్తి వరుసతో

"ఒక్కో రైతు చివరిసారి ఏ రేటుకు ఇచ్చాడు?" గ్రూప్ బై రైతు కోడు, మ్యాక్స్(తేదీ), మ్యాక్స్(రేటు) అని రాస్తే తప్పు. గరిష్ఠ తేదీ ఒక లోడుది, గరిష్ఠ రేటు ఇంకో లోడుది కావచ్చు. రెండూ పక్కపక్కన పడి, ఎన్నడూ జరగని కొనుగోలు ఒకటి పుడుతుంది.

సరైన దారి, అన్ని కొత్త డేటాబేస్‌ల్లోనూ (మైఎస్‌క్యూఎల్ అయితే 8.0 నుంచి):

```
సెలెక్ట్ * ఫ్రమ్ (
  సెలెక్ట్ క.*, రో_నంబర్() ఓవర్ (
    పార్టిషన్ బై రైతు_కోడు
    ఆర్డర్ బై తేదీ డెస్క్, లోడు_నం డెస్క్) యాజ్ వంతు
  ఫ్రమ్ కొనుగోళ్లు క
) త
వేర్ వంతు = 1;
```

పార్టిషన్ బై అంటే ఒక్కో రైతుకు విడిగా, డెస్క్ అంటే పెద్దది ముందు. ఆర్డర్ బైలో లోడు నంబరు మర్చిపోకండి. ఒకే రోజు రెండు లోడ్లు తెచ్చిన రైతుకు అది లేకపోతే ఇవాళ ఒక జవాబు, రేపు ఇంకో జవాబు రావచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో డిస్టింక్ట్ ఆన్ (రైతు_కోడు) అని పొట్టి దారి ఉంది. ఆర్డర్ బై మొదట రైతు కోడుతోనే మొదలవ్వాలి, తర్వాత తేదీ డెస్క్, లోడు నంబరు డెస్క్. ఇతర డేటాబేస్‌కు మారే ఆలోచన ఉంటే రో నంబరే మేలు.

## 8. జాయిన్ చేశాక ఉబ్బిన మొత్తం

డిస్టింక్ట్‌ను అన్యాయంగా వాడేది ఎక్కువగా ఇక్కడే.

చెల్లింపుల టేబుల్ ఇలా ఉందనుకుందాం. 103కి మూడు వాయిదాలు: 1,00,000, 70,000, 50,000. 101కి రెండు: 40,000, 40,000. మిగతా లోడ్లకు ఇంకా ఇవ్వలేదు.

కొనుగోళ్లు, చెల్లింపులు జాయిన్ చేసి సమ్(విలువ) తీస్తే 103 మూడు వరుసలై 6,60,000 అవుతుంది, 101 రెండు వరుసలై 1,60,000 అవుతుంది. ఉత్త జాయిన్ అయితే మిగతా నాలుగు లోడ్లు అసలు కనపడవు, మొత్తం 8,20,000. లెఫ్ట్ జాయిన్ అయితే 10,20,200. గోడ మీద రాసుకున్నది 5,00,200.

ఇక్కడ చేతికి అందేది సమ్(డిస్టింక్ట్ విలువ). లెఫ్ట్ జాయిన్ మీద అది రాస్తే 4,20,200 వస్తుంది. 80,000 తక్కువ. 101 విలువ, 106 విలువ రెండూ 80,000 కాబట్టి ఒకటి మింగేసింది. చెల్లింపుల మీద సమ్(డిస్టింక్ట్ మొత్తం) రాస్తే 101 వాయిదాల్లో ఒక 40,000 పోతుంది. రైతు వచ్చి నిలదీసేది దీని గురించే. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, పరీక్షకు పెట్టుకున్న డేటాలో రెండు సమాన మొత్తాలు లేకపోతే ఇది సరైన జవాబే ఇస్తుంది, ఏ నెల తర్వాతో తప్పుతుంది.

మందు: రెండో టేబుల్‌ను ముందే లోడు స్థాయికి కుదించి, అప్పుడు కలపాలి.

```
విత్ చెల్లినవి యాజ్ (
  సెలెక్ట్ లోడు_నం, సమ్(మొత్తం) యాజ్ చెల్లింది
  ఫ్రమ్ చెల్లింపులు
  గ్రూప్ బై లోడు_నం
)
సెలెక్ట్ క.మండల_కోడు,
  సమ్(క.విలువ) యాజ్ విలువ,
  సమ్(కోఅలెస్(చ.చెల్లింది, 0)) యాజ్ చెల్లింది
ఫ్రమ్ కొనుగోళ్లు క
లెఫ్ట్ జాయిన్ చెల్లినవి చ ఆన్ చ.లోడు_నం = క.లోడు_నం
గ్రూప్ బై క.మండల_కోడు;
```

కోఅలెస్ నల్ ఉన్నచోట 0 పెడుతుంది. ఇప్పుడు విలువ మొత్తం 5,00,200, చెల్లింది 3,00,000, బాకీ 2,00,200. తరుగుల టేబుల్ కూడా ఉంటే దాన్నీ ఇలాగే విడిగా కుదించి కలపండి. రెండు వివరాల టేబుళ్లను ఒకేసారి నేరుగా కలిపితే మూడు వాయిదాలు, రెండు తరుగులు కలిసి ఆరు వరుసలవుతాయి.

నా మట్టుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. జాయిన్ ఉన్న క్వెరీలో డిస్టింక్ట్ కనిపిస్తే, అది ఎందుకుందో రాసినవాళ్లు ఒక్క వాక్యంలో చెప్పాలి. "డూప్లికేట్లు వస్తున్నాయి అన్నా" అన్నది కారణం కింద చెల్లదు. ఎందుకు వస్తున్నాయో చెప్పాలి.

## 9. జిల్లా మారిన మండలాలు

ఏళ్ల తరబడి పద్దును జిల్లా వారీగా గుంపు కట్టేవాళ్లకే ఇది. 2022 ఏప్రిల్ 4న కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది. గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరాయి. కందుకూరులో అంతకు ముందు చీటీ మీద ప్రకాశం, ఆ తర్వాతి చీటీ మీద నెల్లూరు ఉంటాయి. పైగా నెల్లూరు జిల్లా పేరే పద్దులో మూడు రకాలుగా ఉంటుంది: నెల్లూరు, ఎస్పీఎస్ఆర్ నెల్లూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు.

జిల్లాను చీటీలోంచి తీసుకోకండి. మండల కోడు, జిల్లా కోడు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని వేరే టేబుల్ పెట్టండి. ఆనాటి జిల్లా కావాలంటే కొనుగోలు తేదీ ఆ రెండు తేదీల మధ్య పడే వరుసతో కలపండి. ఏళ్ల మధ్య పోలిక కావాలంటే అన్ని చీటీలకూ ప్రస్తుత వరుసనే వాడండి. హద్దులు మళ్లీ మారినా టేబుల్‌లో ఇంకో వరుస చేరుతుంది, క్వెరీ మారదు. ఏ పద్ధతిలో తీశారో రిపోర్టు తలకట్టులో రాయండి.

తేదీలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోండి. పడితే 8లో చెప్పిన ఉబ్బు మళ్లీ వస్తుంది.

## 10. ప్రోగ్రాములో చేసేటప్పుడు

సీ షార్ప్, లింక్ (ఆ భాషలోనే క్వెరీలు రాసే సౌకర్యం). క్లాస్ వస్తువుల మీద డిస్టింక్ట్ పిలిస్తే ఏదీ తగ్గదు. విలువలు ఒకటే అయినా వస్తువులు వేరు కాబట్టి. రికార్డ్ వాడండి, లేదా ఈక్వల్స్, గెట్‌హ్యాష్‌కోడ్ రెండూ రాయండి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే పనిచేయదు. ఒక్క తాళం మీద విడివి చాలంటే డాట్‌నెట్ 6 నుంచి డిస్టింక్ట్‌బై ఉంది. రెండు కాలమ్‌ల మీద గుంపుకు అనానిమస్ టైప్ గానీ టపుల్ గానీ తాళంగా ఇవ్వండి. అర్రే ఇస్తే ప్రతి వరుసా ఒక గుంపవుతుంది. గ్రూప్‌బైకి ముందు యాజ్‌ఎన్యూమరబుల్ పెడితే టేబుల్ మొత్తం మెమరీలోకి వచ్చి పడుతుంది. గ్రూప్‌బై ఫలితాన్ని రెండుసార్లు తిప్పితే పని రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి లిస్టుగా మార్చి ఉంచుకోండి.

పైథాన్. ఇటర్‌టూల్స్‌లోని గ్రూప్‌బై పక్కపక్కన ఉన్నవాటినే కలుపుతుంది. అదే తాళంతో ముందు సార్ట్ చేయకపోతే కోవూరు రెండు మూడు గుంపులుగా వస్తుంది. విడి విలువలకు సెట్ వాడితే వరుస చెదురుతుంది. వచ్చిన క్రమం నిలవాలంటే డిక్ట్.ఫ్రమ్‌కీస్ వాడండి, 3.7 నుంచి ఆ క్రమానికి భాషే హామీ ఇస్తుంది.

పాండాస్ (పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ). గ్రూప్‌బై ఖాళీ తాళాలను డిఫాల్ట్‌గా వదిలేస్తుంది. ఎస్‌క్యూఎల్‌కి ఇది తిరగబడ్డ తీరు. 105 కనపడదు, మొత్తం 60,000 తగ్గుతుంది. డ్రాప్‌ఎన్‌ఏ ఈక్వల్స్ ఫాల్స్ అని ఇవ్వండి.

జావా. కలెక్టర్స్.గ్రూపింగ్‌బైకి నల్ తాళం తగిలితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. నిజం చెప్పాలంటే చడీచప్పుడు లేకుండా వదిలేయడం కంటే ఇదే నయం.

డేటాబేస్‌లోనే తేడాలున్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన రకం పేరు పెద్ద బడి (క్యాపిటల్), చిన్న బడి (స్మాల్) రూపాల్లో ఉంటే మైఎస్‌క్యూఎల్ 8 డిఫాల్ట్ అక్షర పోలిక నియమం అయిన కొలేషన్‌లో ఒకే గుంపు. పోస్ట్‌గ్రెస్‌లో రెండు గుంపులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి డేటా మార్చాక రిపోర్టులో వరుసలు పెరిగితే ముందు ఇది చూడండి.

## 11. రిపోర్టు చేతికిచ్చే ముందు

- [ ] ఒక్కో వరుస దేనికి గుర్తో ఒక్క వాక్యంలో రాశారా?
- [ ] గుంపుల కౌంట్(*)లు కూడితే మూల పట్టిక వరుసల సంఖ్య వచ్చిందా? మాకు 6 రావాలి.
- [ ] గుంపుల కిలోలు, విలువలు కూడితే గోడ మీది మొత్తాలు వచ్చాయా?
- [ ] ఫలితంలో గుంపు తాళం రెండుసార్లు వచ్చిందా? ఆ ఫలితం మీదే గ్రూప్ బై తాళం, హ్యావింగ్ కౌంట్(*) > 1 పెట్టండి. ఒక్క వరుస కూడా రాకూడదు.
- [ ] ప్రతి జాయిన్‌కి ముందూ తర్వాతా వరుసల సంఖ్య చూశారా?
- [ ] సగటు రేటు 6లో చెప్పినట్టు కిలోల లెక్కన తీసిందేనా?
- [ ] ఒక గుంపును కాటా చీటీలు ముందేసుకుని చేత్తో కూడి చూశారా? చిన్న మండలం ఎంచుకోండి.

క్వెరీ నిదానంగా నడుస్తుంటే సర్వర్‌ను తిట్టకముందు మండల కోడు మీద, రైతు కోడు తేదీ జంట మీద ఇండెక్స్ ఉందో లేదో చూడండి. ట్రిమ్, రిప్లేస్, నార్మలైజ్ అన్నీ గ్రూప్ బైలోనే రాస్తే ప్రతిసారీ ప్రతి వరుసకూ ఆ పని జరుగుతుంది. 3లో కొత్త కాలమ్ కట్టమన్నది ఇందుకు కూడా.

మండలం ఖాళీగా ఉన్న లోడ్లను రిపోర్టు నుంచి తీసేయకండి. "మండలం తెలియనివి: 1 లోడు, 3 పుట్లు, 60,000 రూపాయలు" అని చివరి వరుసగా చూపండి. ఆ వరుస కనిపిస్తుంటే గుమాస్తా రెండో రోజుకల్లా ఆ చీటీ వెతికి మండలం నింపుతాడు.